షికారు పడవ, వేట పడవ: చిల్కా శరత్తుల చరిత్ర

తెలుగులో షికారు అంటే సరదాగా తిరిగి రావడం. సాయంత్రం ఊరి చివరిదాకా నడిచి వచ్చినా షికారే, పడవెక్కి చెరువు చుట్టి వచ్చినా షికారే. పారసీకం నుంచి మనకు వచ్చిన ఈ మాటకు అక్కడి అసలు అర్థం వేట. మన సొంత మాట అయిన వేట మరో దారి పట్టింది. అడవి మృగాల వేట పోయినా జాలరి నోట ఆ మాట నేటికీ సజీవంగా ఉంది. "వేటకు పోయినాం", "ఇవాళ వేట లేదు" అని అతడు అన్నప్పుడు అందులో సరదా లేదు, ఆ పూట కూడు ఉంది. ఒకే అర్థంగల రెండు మాటల్లో ఒకటి తీరిక ఉన్నవారి పాలయింది, మరొకటి తీరిక లేనివారి దగ్గర మిగిలింది.

ఈ షికారూ ఆ వేటా ఒకే నీటిమీద, ఒకే నెలల్లో, రెండు శతాబ్దాలకు పైగా పక్కపక్కన సాగిన చోటు చిల్కా సరస్సు. దాని దక్షిణపు ఒడ్డు 1936 దాకా మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. బరంపురం, ఛత్రపురం, రంభ ప్రాంతాల తెలుగువారికి అది పరాయి నీరు కాదు. తక్కిన మనలో చాలామందికి మాత్రం చిల్కా అంటే కలకత్తా రైలు కిటికీలోంచి కాసేపు కనిపించి మాయమయ్యే నీలిగీత. ఆ నీటిమీద ఎవరు షికారు చేశారు, ఎవరు వేటాడారు, ఎప్పుడు ఒకరికొకరు అడ్డం వచ్చారు అని ఆరా తీస్తే గంజాం చరిత్ర మరో పక్కనుంచి కనిపిస్తుంది.

ముందుగా ఆ సరస్సు స్వభావం తెలియాలి. చిల్కా పూర్తిగా ఉప్పునీరూ కాదు, పూర్తిగా మంచినీరూ కాదు. ఉత్తరాన మహానది పాయలైన దయ, భార్గవి నదులు వరదనీటిని తెచ్చి పోస్తాయి. తూర్పున ఇసుక దిబ్బలను తెంచుకొని సముద్రం మొగ గుండా లోపలికి వస్తుంది. వేసవిలో దాదాపు 900 చదరపు కిలోమీటర్లుండే నీటి విస్తీర్ణం వానాకాలానికి 1,100 దాటుతుంది. పొడవు 64 కిలోమీటర్లున్నా లోతు మాత్రం చాలాచోట్ల రెండు నిలువులు కూడా ఉండదు. అందుకే అక్కడి పడవలకు అడుగు చదునుగా ఉంటుంది. తెరచాపతోపాటు గడకర్ర కూడా తప్పనిసరి.

ఆశ్వయుజం వచ్చేసరికి వరద తగ్గుతుంది. ఆకాశం తేటపడుతుంది, గాలి నెమ్మదిస్తుంది. ఉత్తరాసియా చలినుంచి తప్పించుకొని బాతులు, కొంగలు, ఉల్లంకి పిట్టలు రావడం మొదలవుతుంది. పడవ షికారుకు ఇంతకన్నా మంచి రోజులు లేవు. వేటకు కూడా అవే మంచి రోజులు. ఒడియాలో ఖైంగా అనే చేప గుడ్లు పెట్టడానికి సరస్సు విడిచి సముద్రానికి బయలుదేరే కాలం అదే. జాలరులు వెదురు తడికలతో నీటిని అడ్డగించి కట్టే 'జానో'లు లేచేదీ అప్పుడే. ఇలా తీరిక గలవాడి పంచాంగమూ, కూటికి లేనివాడి పంచాంగమూ ఒకే పుటలో కలిశాయి. చిల్కా తగాదాలన్నిటికీ మూలం ఇక్కడే ఉన్నదని మా అభిప్రాయం.

ఉత్తర సర్కారులు 1760లలో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చినప్పుడు గంజాం కూడా వాటితో వచ్చింది. కటకం, పూరీ మాత్రం 1803 దాకా నాగపూరు భోంస్లేల కింద ఉండేవి. అంటే ఆనాటి చిల్కా ఒక సరిహద్దు. దక్షిణపు ఒడ్డున కంపెనీ, ఉత్తరపు ఒడ్డున మరాఠాలు. అటువంటి చోట 1790లలో గంజాం పాలనాధికారిగా ఉన్న థామస్ స్నాడ్‌గ్రాస్ రంభ దగ్గర నీటి అంచున పెద్ద భవనం కట్టించాడు. రాజకార్యానికి గంజాం పట్టణం ఉండగా రంభలో ఆ భవనం ఎందుకంటే విలాసానికే అని చెప్పాలి. రంభ అఖాతంలో ఒక చిన్న రాతి తిప్ప మీద ఒక స్తంభము, దాని పక్క గది ఇప్పటికీ కనిపిస్తాయి. పడవలో అక్కడికి వెళ్ళి ఉదయపు ఫలహారం చేసేవారట. బ్రేక్‌ఫాస్ట్ దీవి అన్న పేరు అలా నిలిచిపోయింది. దాన్ని స్నాడ్‌గ్రాసే కట్టించాడని కొందరు, కళ్ళికోట రాజులు కట్టించారని కొందరు అంటారు.

స్నాడ్‌గ్రాస్ గురించి జిల్లాలో ఒక కథ చాలాకాలం తిరిగింది. గంజాం వ్యవహారాల్లో అతని మీద ఆరోపణలు వచ్చి కొలువు పోయిందట, పింఛను ఇవ్వబోమన్నారట. అప్పుడతడు లండనులో కంపెనీ కచేరీ ఎదుట చీపురు పట్టుకొని వీధి ఊడవడం మొదలుపెట్టాడట. పరువు పోతుందని డైరెక్టర్లు పింఛను మంజూరు చేయగా, మర్నాడు నాలుగు గుర్రాల బండిలో వచ్చి వందనాలు చెప్పి వెళ్ళాడట. కథలో నిజమెంతో గాని, చెప్పేవారందరూ నవ్వుతూనే చెప్పారు. నవ్వురాని సంగతి మరొకటి ఉంది. రంభ భవనం లేచిన ఆ ఏళ్ళలోనే, 1791-92 ప్రాంతాన, ఉత్తర సర్కారులను ఘోరమైన కరువు పట్టి పీడించింది. గంజాం దాని దెబ్బ బాగా తిన్నది. ఫలహారపు దీవికి దొరగారి పడవను గడవేసి నడిపినవారి ఇళ్ళలో ఆ ఉదయం పొయ్యి వెలిగిందో లేదో ఏ కాగితంలోనూ ఎవరూ రాసిపెట్టలేదు.

1803 సెప్టెంబరులో, శరత్తు ముంగిట, చిల్కా మీదికి మరో రకం ప్రయాణికులు వచ్చారు. కల్నల్ హార్‌కోర్ట్ నాయకత్వాన మద్రాసు సైన్యం గంజాం నుంచి కదిలింది. సముద్రానికీ సరస్సుకూ నడుమనున్న ఇసుక పట్టీ వెంట నడిచి, మాణికపట్నం దగ్గర మొగ దాటి పూరీ చేరింది. దానితో ఒరిస్సా కంపెనీ వశమయింది. సరిహద్దు చెరిగిపోవలసింది. కాని చెరగలేదు. ఉత్తర భాగం బెంగాలు రాజధానిలోకి, దక్షిణ భాగం మద్రాసు రాజధానిలోకి పోయి, ఒక్క సరస్సు రెండు కచేరీల లెక్కల్లో చిక్కుకుంది. 133 ఏళ్ళపాటు, 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమయ్యేదాకా, సరస్సు అలా రెండు పాలనల కిందే ఉండిపోయింది. చేపకు మాత్రం ఆ గీత తెలియదు. ఖైంగా బెంగాలు నీటిలో పెరిగి, మద్రాసు తడికలో చిక్కుకొనేది.

రంభ భవనం కాలక్రమాన కళ్ళికోట జమీందారుల చేతికి వచ్చింది. 1890లలో తూర్పు కోస్తా రైలుదారి సరస్సు ఒడ్డునే పడింది. దానితో చిల్కా షికారు దొరలకూ రాజులకూ మాత్రమే పరిమితమైన భోగం కాకుండాపోయింది. టిక్కెట్టు కొనగలిగిన వకీళ్ళు, ఉపాధ్యాయులు, గుమాస్తాలు కూడా బాలుగాంలోనో రంభలోనో దిగి పడవెక్కడం మొదలయింది. అదే దశకంలో ఒడియా కవి రాధానాథ రాయ్ 'చిలికా' కావ్యం వెలువడి, ఆ సరస్సును ఒడియా జాతి మనస్సులో ఒక పుణ్యస్థలంగా నిలిపింది. 1903లో ఉత్కళ సమ్మేళనం పుట్టడానికి ముందటి సంప్రదింపులకు రంభ భవనమే వేదిక అయింది. కళ్ళికోట రాజా హరిహర మర్దరాజు, మధుసూదన దాసు వంటి పెద్దలు అందులో పాల్గొన్నారు. విలాసానికి కట్టిన ఇల్లు ఒక రాష్ట్రానికి పురిటిగది అయిందన్నమాట. ఆ రాష్ట్రం ఏర్పడ్డప్పుడు గంజాం జిల్లా రెండుగా చీలి, బరంపురం తెలుగువారు ఒరిస్సాలోను, ఇచ్ఛాపురం, సోంపేటల వారు మద్రాసులోను మిగిలిన సంగతి మన పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు.

తీరికగా తిరిగినవారిలో మరో తెగ ఉంది. ప్రకృతిని పరిశీలించేవారు. అమరావతి శిల్పాలను తవ్వి తీసిన వాల్టర్ ఇలియట్ పేరు మనవారికి పరిచితమే. ఆయన ఉత్తర సర్కారుల కమిషనరుగా ఉన్నప్పుడు, 1852లో, విశాఖపట్నం రేవులో ఒక పొట్టిమూతి డాల్ఫిన్ దొరికింది. దాన్ని ఆధారం చేసుకొని లండను శాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఓవెన్ 1866లో ఆ జాతిని లోకానికి పరిచయం చేశాడు. తరువాత బర్మా నదిపేరుమీదుగా ఇరావతి డాల్ఫిన్ అన్న పేరు స్థిరపడింది. మొదటి నమూనా దొరికింది తెలుగు రేవులో, పేరు బర్మా నదిది, నేడు దాన్ని చూడడానికి జనం వెళ్ళేది చిల్కాకు. జంతుశాస్త్రజ్ఞుడు నెల్సన్ అనండేల్, తన సహచరుడు స్టాన్లీ కెంప్‌తో కలిసి చిల్కా జీవజాలాన్ని పరిశీలించి 1915 నుంచి గ్రంథ సంపుటంగా వెలువరించాడు. రంభకు చేరువనున్న బరకుడా దీవిలో కాళ్ళులేని ఒక వింత నలికీచును కనుగొని 1917లో వర్ణించాడు. దాని శాస్త్రీయ నామంలో నేటికీ ఆ దీవి పేరే ఉంది.

ఇక వేట పడవవైపు చూద్దాం. చిల్కా నీరు ఎవరిదీ కాదని పైనుంచి చూసేవారికి అనిపిస్తుంది. నిజానికి ప్రతి మడుగుకూ, ప్రతి తిప్ప అంచుకూ హక్కుదారు ఉండేవాడు. లోతునీట వలవేసే చోటు బహాని. తడికలతో అడ్డుకట్టేది జానో. నీరు తీసినప్పుడు తేలే దిబ్బల చుట్టూ పట్టేది దియాన్. ఒడ్డున మోకాటిలోతున పట్టేది ఉఠాపాణి. చేపలు పట్టే కులాల మధ్య కూడా పంపకం ఉండేది. కేవుటులది వల, తియరలు, కండరాలది వెదురు మావులు. సముద్రపు పోటు తెలిసిన నోళియాలది మొగవైపు నీరు.

ఈ నోళియాలు మనవారే. గంజాం తీరాన గోపాలపురం నుంచి పూరీలోని పెంఠకటా దాకా ఇసుక మీద బతికే ఈ జాలరుల ఇంటి భాష తెలుగు. పూరీలో సముద్ర స్నానానికి దిగే యాత్రికుల చేయి పట్టుకొని అల దాటించే, కొసదేరిన తెల్లటోపీల మనుషులను చాలామంది చూసే ఉంటారు. ఆ టోపీ కిందివాడు తెలుగువాడని ఎందరు గమనించారో తెలియదు. ఒకరి సరదాకు మరొకరి నేర్పు కాపలా కాయడమంటే అదే.

ఈ హక్కుల పైన జమీందారులు ఉండేవారు. కళ్ళికోట, పారికుదు రాజులతోపాటు మరికొన్ని కుటుంబాలు తమ భాగపు నీటిని జాలరులకు కౌలుకిచ్చేవి. కౌలు భారం తక్కువేమీ కాదు. కాని నీరు జాలరిది తప్ప మరొకరిది కాదన్న కట్టుబాటు మాత్రం నిలిచింది. రాజు పడవలో బాతుల వేటకు వెళ్ళవచ్చు, దొర గాలం వేసుకొని పొద్దుపుచ్చవచ్చు. తడికలు కట్టి చేపను అంగడికి పంపడం వారి పని కాదు. షికారు వేటను కొల్లగొట్టనంతకాలం రెండూ ఇమిడిపోయాయి. 1950లలో జమీందారీలు రద్దయిన తరువాత సహకార సంఘాలు వచ్చాయి. 1959లో బాలుగాంలో కేంద్ర సంఘం ఏర్పడి, ఊళ్ళ సంఘాలకు నీటిని కౌలుకిచ్చే పద్ధతి నడిచింది.

సామాన్యులకు షికారు లేదనుకోవడం పొరపాటు. వారి షికారుకు ఒక హద్దు ఉండేది, అంతే. ఒడిశాలో కార్తికమాసమంతా చేప ముట్టనివారు ఎందరో. మిగిలినవారు కనీసం చివరి ఐదు రోజులైనా మానతారు. ఆ ఐదు రోజులకు బకపంచకమని పేరు. కొంగ సైతం చేపను ముట్టదని లోకోక్తి. పున్నమినాడు తెల్లవారకముందే అరటి డొప్పలతో, బెండుతో చేసిన బుల్లి పడవలలో దీపం, తమలపాకు, వక్క పెట్టి నీటిలో వదులుతారు. అది బోయితబందాణ. జావా, సుమత్రా దీవులకు ఓడలెక్కి వెళ్ళిన పూర్వపు వర్తకులను తలచుకొనే పండుగ. చిల్కా దక్షిణపు కొసన ఉన్న పాలూరును గ్రీకు భూగోళకారుడు టాలెమీ పేర్కొన్న పలూరా రేవుగా చరిత్రకారులు గుర్తించారు. కాబట్టి ఆ తలపు ఉత్త కట్టుకథ కాదు. పున్నమి మర్నాడు ఛాడఖాయి. అంటే నియమం విడిచి చేపా మాంసమూ తినే రోజు.

మన ఇళ్ళలో అదే మాసాన ఉసిరిచెట్టు కింద వనభోజనాలు, పున్నమికి నీట దీపాలు, అమావాస్య మర్నాడు పోలి స్వర్గం. బరంపురం వంటి ఊళ్ళలో ఈ రెండు ఆచారాలూ ఒకే చెరువు గట్టున కలిశాయి. అరటి డొప్ప ఒకటే, అందులోని దీపమూ ఒకటే. ఒకరు దాన్ని ఓడ అంటారు, మరొకరు స్వర్గానికి బయలుదేరిన పోలి అంటారు. చేపలు సముద్రానికి బయలుదేరే ఆ రోజుల్లోనే నెలపాటు వంటింట చేప ఆగిపోవడం ఎవరు ఆలోచించి పెట్టిన నియమమో చెప్పలేం. వేటకు మాత్రం అది కొంత విరామమే.

ఆ హద్దు 1980లలో తెగింది. ఎగుమతి రొయ్యకు ధర పెరగడంతో ఎన్నడూ వల పట్టనివారు కూడా సరస్సు అంచుల్లో గట్లు వేసి రొయ్యల చెరువులు మొదలుపెట్టారు. ఒక పెద్ద సంస్థ భాగస్వామ్యంతో భారీ రొయ్యల ప్రాజెక్టు తలపెట్టినప్పుడు జాలరులు, విద్యార్థులు 1991-92లో 'చిలికా బచావో' ఉద్యమం నడిపి దాన్ని ఆపించారు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చిల్కాకూ, మన పులికాట్ సరస్సుకూ కూడా 1,000 మీటర్ల లోపల రొయ్యల చెరువులు ఉండరాదని తీర్పు చెప్పింది. తీర్పు అమలు కాలేదన్న ఆగ్రహంతో జాలరులే గట్లు తెంచడానికి పూనుకున్నారు. 1999 మే 29న సోరాణా గ్రామంలో పోలీసు కాల్పులలో నలుగురు ప్రాణాలు కోల్పోయారు. తాతల నాటి నీటి కోసం జరిగిన ఈ మరణాలు చిల్కా చరిత్రలో స్నాడ్‌గ్రాస్ భవనంకంటే పెద్ద గుర్తులు.

ఇదే సమయంలో సరస్సు కూడా జబ్బుపడింది. మొగ ఇసుకతో పూడిపోయి ఉప్పు తగ్గింది, కలుపు పెరిగింది. 1980ల నడుమ ఏటా 8 వేల టన్నులు దాటిన చేపల దిగుబడి 1990ల చివరికి 2 వేల టన్నుల లోపుకు పడిపోయింది. 2000 సెప్టెంబరులో సిపకుదా దగ్గర కొత్త మొగ తవ్వారు. సముద్రపు పోటు తిరిగి లోపలికి వచ్చింది. రెండేళ్ళలోనే దిగుబడి అనేక రెట్లు పెరిగింది. ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితాలోంచి 2002లో చిల్కా పేరు తీసివేశారు.

చేపలతోపాటు షికారూ తిరిగి వచ్చింది, ఇంతకు మునుపెన్నడూ లేనంతగా. సాతపడా నుంచి డాల్ఫిన్లను చూడడానికి, బర్కూలు నుంచి కాళీజాయి దీవికి మోటారు పడవలు బారులు తీరాయి. వాటి చప్పుడును బట్టే జనం భుట్‌భుటి అని పేరు పెట్టారు. అత్తవారింటికి వెళుతూ తుఫానులో మునిగిపోయిన నవవధువే కాళీజాయి అమ్మవారై వెలసిందని ఐతిహ్యం. పడవ షికారుకు వెళ్ళేవారు మొక్కేది నీట పోయిన పిల్లకన్నమాట. డాల్ఫిన్ల సంఖ్య 150 అటూఇటూగా ఉంటే, వాటి వెంటబడే పడవలు అంతకు మించాయి. మోటారు రెక్కలు తగిలి అవి గాయపడడం కూడా జరుగుతోంది. పడవ నడిపేవారిలో నిన్నటి జాలరులే ఎక్కువ. వేట చాలక షికారు పడవ పట్టినవాడు, షికారు చెడగొట్టిన నీటిలో రేపు మళ్ళీ వేటకు దిగవలసినవాడు ఒక్కడే.

ఈ రెండింటినీ రాజీ చేసిన ఊరు ఒకటి ఉంది. ఉత్తరపు ఒడ్డున మంగళాజోడి ఒకప్పుడు వలస పక్షులను చంపి అమ్మడానికి పేరుపడ్డది. 1972 చట్టం వేటను నిషేధించినా అక్కడ ఆగలేదు. 2000 ప్రాంతాన ఆ వేటగాళ్ళలోనే కొందరు ఒట్టుపెట్టుకొని పక్షుల కాపలాకు సంఘం కట్టారు. నేడు వారు మోటారు లేని పడవను గడకర్రతో తోస్తూ, చప్పుడు కాకుండా చూడవచ్చినవారిని తిప్పుతారు. ఏ పక్షి ఎక్కడ వాలుతుందో వేటగాడికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. ఆ తెలివి చంపడానికి బదులు చూపడానికి పనికివచ్చింది. చిల్కాలో షికారు, వేట అన్న మాటలు మళ్ళీ ఒకచోట కలిసింది అక్కడే.

మన వంతు పని ఒకటి మిగిలి ఉంది. స్నాడ్‌గ్రాస్ పింఛను కథను భద్రపరచినవారు ఉన్నారు, కాళ్ళులేని నలికీచును భద్రపరచినవారూ ఉన్నారు. నోళియా తెలుగులో వలకు ఎన్ని పేర్లున్నాయో, గాలికి ఎన్ని పేర్లున్నాయో, పోటు పాటులను ఏ తిథితో ఎలా లెక్కిస్తారో పోగుచేసి రాసిపెట్టుకోవలసిన బాధ్యత మనది. ఇంట తెలుగు, బడిలో ఒడియాగా పెరుగుతున్న పిల్లలు తండ్రి వృత్తి వదిలితే ఆ మాటలు కూడా వదులుతారు. బరంపురం, ఛత్రపురం, పూరీ వైపుల ఉన్న పాఠకులు వచ్చే కార్తికాన చిల్కా షికారుకో, పూరీ స్నానానికో వెళితే, జాలరులు ఎదురైనప్పుడు తెలుగులో పలకరించి చూడండి. తెలుగులోనే జవాబు వస్తే కాగితం తీయండి.